మనవి అందింది

దేవకుమారి పిన్ని వాకిట్లో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. వాటిలో ఎవరూ లేరు.

శుక్రవారం, సాయంత్రం నాలుగున్నర. బడి వదలగానే ఇటే వచ్చాను. కాళ్ళు లాగేస్తున్నాయి.

ఒక రకంగా ఆ కుర్చీలు వేయించింది నేనే.

నేను ప్రైవేటు బళ్ళో కంప్యూటర్ టీచర్ని. మా ఊళ్ళో కంప్యూటర్ టీచరంటే ఫ్యాను తిరక్కపోయినా పిలుస్తారు. నిజానికి నాకొచ్చింది టైపింగు, పిల్లల చేత బొమ్మలకు రంగులేయించడం. వచ్చే ఏడు ఎనిమిదో తరగతికి వెబ్ పేజీలు చేసే జావాస్క్రిప్ట్ చెప్పాలన్నారు హెడ్‌మాస్టరు. కాదనే ఓపిక లేక సరేనన్నాను.

పేపర్లు దిద్దుకుంటూ, అన్నం ఉడికేలోపు వీడియోలు చూసి నేర్చుకోవడం మొదలుపెట్టాను. మొదటి పాఠం ఒక బటన్. నొక్కితే పేజీ పలకాలి.

పలికింది. చేతిలో గరిటెతో, వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఈ వయసులో నాకూ ఒకటి కొత్తగా వచ్చింది మరి.

ఆ సంబరంలోనే పాస్టర్ ఎలీషా గారి మాటకు తలూపాను.

మా చర్చిలో ప్రార్థన మనవులకు ఒక పెట్టె ఉంది. అందులో చీటీ వేస్తే, శుక్రవారం స్త్రీల కూడిక ఆ ఇంటికే వెళ్ళి ప్రార్థన చేస్తుంది. కానీ పెట్టె తెరిచేది సంఘ పెద్దలు. కొన్ని సంగతులు ఆడవాళ్ళు ఆ మగవాళ్ళ చేతిలో పెట్టలేరు. ఫోన్లో రాస్తే నేరుగా పాస్టరమ్మ గారికి చేరేలా చెయ్యమ్మా మహిమా, అన్నారాయన.

చేశాను. పేరు, మనవి, కింద బటన్. నొక్కితే పచ్చటి అక్షరాలు వస్తాయి: ‘మీ మనవి అందింది. మీ ఇంటికి వస్తాము.’

ఆదివారం ఆరాధన అయ్యాక అందరికీ చూపించి, ఫోన్లకు లింకు పంపించారు. చప్పట్లు కొట్టారు. ఇంకా పూర్తి కాలేదని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు.

రాసింది వేరేవాళ్ళకు చేర్చడం పదకొండో పాఠంలో ఉంది. నేను మూడో పాఠం దగ్గర ఆగిపోయాను. బళ్ళో పరీక్షలొచ్చాయి. తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

ఇవాళ పొద్దున బడి గేటు దగ్గర పిన్ని నన్ను ఆపింది. తలకు గుడ్డ చుట్టుకుని మిరపకోతకు పోతోంది. మూడు శుక్రవారాలుగా మధ్యాహ్నం కోత మానేసి ఇంటి దగ్గర ఎదురుచూస్తోందట. అందిందని వచ్చింది గదా, ఇవాళైనా వస్తారా అని అడిగింది.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయకుండానే నేను రాసింది తెరిచి చూసుకున్నాను. మొత్తం ఐదు లైన్లు. బటన్ నొక్కగానే అందిందని చెప్పు. అంతే. పిన్ని రాసింది ఎక్కడికీ పోలేదు. ఎక్కడా మిగల్లేదు కూడా.

ఇప్పుడు పిన్ని నా వెనకాల రోడ్డు వైపు చూస్తోంది.

"మిగతావాళ్ళు వెనక వస్తున్నారా?"

"నేనొక్కదాన్నే పిన్నీ."

చెంబుతో నీళ్ళిచ్చింది. కుర్చీలో కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఏం రాశావని అడిగాను.

పిన్ని ముఖం చిన్నబోయింది.

"చదివే ఉంటావుగా. మళ్ళీ నా నోటితో చెప్పించకు తల్లీ."

తల ఎత్తలేకపోయాను.

"చదవలేదు పిన్నీ. ఎవరూ చదవలేదు. అందిందని రాసిపెట్టింది నేను. అంతవరకే వచ్చు నాకు."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

పిన్ని నా చెయ్యి పట్టుకుని, జాకెట్టు మీద నుంచే, ఎడమ చంక కింద పెట్టుకుంది.

రేగుపండంత గడ్డ గట్టిగా తగిలింది.

క్రిస్మస్ నుంచీ ఉందట. బాబాయికి చెప్పలేదట. మనవాళ్ళొచ్చి ప్రార్థన చేశాక ఆసుపత్రికి పోదామని ఆగిందట.

మూడు వారాలు.

"రేపు నేను సెలవు పెడతాను. ఆరింటి గుంటూరు బస్సుకు తయారుగా ఉండు," అన్నాను.

"మరి ప్రార్థన?"

"బస్సులో చేసుకుందాం."

తలూపింది. లేచి, మూడు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేర్చి, పక్కింటి రహమతున్నీసాకు తిరిగిచ్చేయడానికి తీసుకెళ్ళింది.

నేను కూర్చున్నది మాత్రం ఉంచింది.