ఏడో చుక్క

సూదికొసన వేలాడే చుక్కను చూసి, అందులోని అణువులు పొడుగువో పొట్టివో చెప్పేసే మొనగాణ్ణి నేను. నాలాంటివాడు ఈ భూమ్మీద ఇంకొకడు పుట్టలేదు.

సరే సరే, నవ్వకండి. చెప్పేది కెమెరా. తెర మీద అంకె చదివేవాణ్ణి నేను.

మాది కంటి ఆపరేషన్లకు సిలికాన్ నూనె తయారుచేసే ఫ్యాక్టరీ. ఊడిన రెటీనాను ఆ నూనె గోళమే లోపలినుంచి అదిమి పెడుతుంది. అణువులన్నీ పొడుగ్గా ఉంటే ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి, గోళం చెదరదు. పొట్టివి కలిశాయో, పైకి చేరి తలతన్యతను, అంటే చుక్కను పట్టి ఉంచే పైపొర బిగువును, సడలిస్తాయి. గోళం కంట్లోనే నలకలు నలకలుగా చిట్లుతుంది. ఆపైన చీకటే.

ఆ మధ్యాహ్నం మొదటి చుక్క నిండా ఊరకముందే సూదిని వదిలి జారింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. అలా ఆరు.

వెనకే నిలబడ్డ మేనేజరు ఊపిరి నా మెడకు తగులుతోంది.

“ఇంకోటి వదలండి పెద్దాయనా.”

మా దగ్గర అదొక అలవాటు. నిలబడే చుక్క దొరికేదాకా వదలడం, దొరికినదాన్నే కాగితం మీద రాయడం.

ఏడోది నిలబడింది.

“హమ్మయ్య! అదే రాసి సంతకం పెట్టెయ్యండి.”

“ఆరు జారాయి బాబూ.”

“రేపు మీ అక్కగారి ఆపరేషనూ ఈ నూనెతోనే. గుర్తుందా?”

ఎందుకు గుర్తుండదు? అక్కకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోది రోజురోజుకూ మసకేస్తోంది. “ఒరేయ్, రేపు గాని తప్పిపోయిందా, మళ్ళీ నీ మొహం చూడను” అని పొద్దున్నే ఫోన్లో బెదిరించింది.

మేనేజరు తలుపు దగ్గరకు వేసి, పెన్ను మూత తీసి నా చేతిలో పెట్టాడు.

“చెయ్యను,” అన్నాను.

ఆ నూనె మొత్తం పారబోశారు. ఆపరేషన్లు ఆగాయి. కొత్త నూనె వచ్చేదాకా తొమ్మిది రోజులు అక్క నన్ను ఉతికి ఆరేసింది. కట్టు విప్పాక మాత్రం నన్ను ఎగాదిగా చూసి, “ఏంట్రా, ఇంత ముసలాడివైపోయావ్?” అంది.

నిజం చెప్పాలంటే, ఇందులో నేను కల్పించింది “చెయ్యను” అన్న ఆ ఒక్క మాటనే. తర్వాతదంతా ఆ అబద్ధం వెంటపడి వచ్చేసింది, ఇక దీన్ని అక్కకు నేనే చదివి వినిపించాలి.