తిరిగొచ్చిన తొలి చేప

మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటులో మోటార్లు ఆపేసినప్పటి నుంచి చేపలు వాటంతటవే ఒడ్డుకొస్తున్నాయని పక్కింటి నూకరత్నం పాపాయితో అంది. పాపాయి కూతురికి వాంతులు తగ్గట్లేదు. రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే నాలుగు చేపలైనా పడాలి. చీకటి పడ్డాక మొగుడు చంద్రరావుతో కలిసి పడవలో, గోదాట్లోకి నీళ్లు వదిలే ప్లాంటు గొట్టం దగ్గరికెళ్లింది.

కప్పల అరుపు లేదు. నీళ్ల మీద ఎవరో చప్పరిస్తున్నట్టు చప్పుడు. టార్చి వేస్తే, వందల చేపలు నోళ్లు పైకెత్తి గాలి మింగుతున్నాయి.

“గంగమ్మ మనకోసమే తోలిందే,” అన్నాడతను. ఆనవాయితీగా, పట్టిన తొలి చేపని గోదారికి వదిలాడు. అది మునగలేదు. వెనక్కి తిరిగొచ్చి పడవ అంచుకి మూతి ఆనించింది. మళ్లీ తోశాడు. మళ్లీ వచ్చింది.

“నీళ్లలోకి పోనంటుందేంటే?”

“మనం పిల్లకి తాగిస్తున్నది ఈ నీళ్లే మావా,” అంది పాపాయి.