కుడి పక్క గోడ

“ఇంక చాలు. బండెక్కించండి,” అన్నాడు బ్రెట్ ట్రెగియర్, చొక్కాకి అంటిన ఎర్రమట్టి దులుపుకుంటూ.

జునిపర్ అనే ఆ ఆడగుర్రం మైదానం మధ్యలో చెవులు వెనక్కి వాల్చి నిలబడి ఉంది. కంచె అవతల, కుక్కల మేతకోసం గుర్రాల్ని కొనే మనిషి అప్పుడే ట్రక్కు వెనక తలుపు దించాడు.

ఆ రోజు మిస్ ట్రెగియర్ సంస్మరణ సభ. ఆ కొండల్లో గొర్రెల మందల వెనక జీను మీద నిటారుగా కూర్చునే మనిషి ఎవరు కనిపించినా, నేర్పింది ఆవిడే అనుకోవచ్చు. గురువు పోతే, ఆ గురువు గుర్రమెక్కి మైదానం ఒక చుట్టు తిరిగిన శిష్యులకే ఆ గుర్రం దక్కుతుంది. ఊరి గుర్రపుస్వారీ క్లబ్బులో ఆ ఆచారం పెట్టింది కూడా ఆవిడే. పొద్దుటినుంచీ చేయి తిరిగిన వాళ్లంతా ప్రయత్నించారు. జునిపర్ ఒక్కరినీ జీనులో కూర్చోనివ్వలేదు. చివరికి మిస్ మేనల్లుడు బ్రెట్ కూడా మట్టి కరిచాడు.

“ముసలితనంలో అత్తకి చూపు ఆనలేదు,” అన్నాడతను. “కాళ్లు పెట్టే ఆ రికాబులు చూడండి, కుడిది పైకీ ఎడమది కిందికీ. సరిచేద్దామని దగ్గరికెళ్తే కాలు విసురుతుంది. ఇలాంటిదాన్ని ఎవడు మేపుతాడు?”

“చూపు ఆనకపోవడమేంట్రా?” అంది టీ పోస్తున్న డల్సీ. ఆవిడ మిస్ పక్కింటి మనిషి. “పోయే ముందు కూడా నా లామింగ్టన్ కేకు మీద చీమని గుమ్మంలోంచే పట్టేసింది. మెట్లు నాకంటే చకచకా ఎక్కేది. ఈ గుర్రాన్ని వెనక పొలంలో తనొక్కతే మచ్చిక చేసింది. మమ్మల్ని తొంగి కూడా చూడనిచ్చేది కాదు.”

“మచ్చిక చేసిందో, పిచ్చి పట్టించిందో. ఎక్కించండి.”

“ఆగు. నేనెక్కుతాను.”

అందరూ గేటువైపు తిరిగారు. గ్లెనిస్ హార్డీ ఎడమ కాలు ఈడ్చుకుంటూ లోపలికి వచ్చింది. నలభై ఏళ్ల తర్వాత ఆమె ఆ గేటు దాటడం అదే మొదలు.

బ్రెట్ నవ్వాడు. “సంస్మరణకొచ్చావా, సంబరానికొచ్చావా?”

“రెండింటికీ.”

“శిష్యులకే హక్కు, గ్లెనిస్. నిన్ను అత్త ఇక్కడే కదా గెంటేసింది. ‘గుర్రం ఎక్కడానికి ఎడమ పక్క తలుపు, కుడి పక్క గోడ. తలుపులోంచి రాలేనివాళ్లకి నా మైదానంలో చోటు లేదు’ అంది.”

“నాకు మీ అందరికంటే బాగా గుర్తు. మోకాలు వంగని పిల్లని ఎడమ రికాబులో కాలు పెట్టమంది. పెట్టలేకపోయాను, పొమ్మంది. అదిగో, ఆ కంచె అవతల నిలబడి మీ పాఠాలన్నీ విన్నాను. మా నాన్న గుర్రాన్ని ఆ గోడ పక్కనుంచే ఎక్కి నేర్చుకున్నాను. ఇవాళ్టికీ అదే నా కూడు. నేను శిష్యురాలిని కాదనేవాడు ముందుకొచ్చి అనమను.”

ఎవరూ ముందుకు రాలేదు.

“పోనీలేవే,” అంది డల్సీ మెల్లగా. “ఆవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. జన్మలో ఎవరికీ సారీ చెప్పి ఎరగదు.”

“చెప్పమని నేనూ అడగలేదు. ఆవిడ మీద నా కోపం చల్లారలేదు, చల్లారదు కూడా. కానీ ఈ నోరులేనిది నన్నేం చేసింది? దీన్ని కుక్కలకెయ్యడం నేను చూడలేను.”

ట్రక్కు మనిషి గడియారం చూసుకున్నాడు. “పడిపోతే మాత్రం మళ్లీ ఆగేది లేదమ్మా,” అన్నాడు.

గ్లెనిస్ హెల్మెట్ పట్టీ బిగించుకుంది. గుర్రం ముందునుంచి నడిచి కుడి పక్కకి వెళ్లింది.

“కుడివైపా?” బ్రెట్ గొంతు చించుకున్నాడు. “అత్త సభలో, ఇంతమంది ముందు?”

“మీ అత్తకి కోపమొస్తే లేచి రమ్మను.”

ఆమెకి లోపల భయంగానే ఉంది. ఈ వయసులో పడితే ఆ ఒక్క మంచి కాలూ పోతుంది. అయినా కుడి రికాబులో కుడి పాదం పెట్టింది. వాలి ఉన్న జునిపర్ చెవులు ముందుకి లేచాయి. గ్లెనిస్ కర్రలాంటి ఎడమ కాలిని వీపు మీదుగా అవతలికి వేసి జీనులో కూర్చుంది. గుర్రం కదల్లేదు. తను ఎదురుచూసిన మనిషి వచ్చినట్టు ఒక్క నిట్టూర్పు విడిచింది, అంతే.

టీ కప్పులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

పగ్గం అలా తాకించిందో లేదో, జునిపర్ నడక మొదలుపెట్టింది. అరువు జీను మీద ఎప్పుడూ చేసినట్టే గ్లెనిస్ ఎడమ కాలిని రికాబులో పెట్టకుండా గాలికి వదిలేసి, మైదానం చుట్టూ తిరిగింది. బ్రెట్ ముందునుంచి వెళ్తూ తల కూడా తిప్పలేదు. చుట్టు పూర్తయ్యేసరికి ట్రక్కు మనిషి గొణుక్కుంటూ తలుపు ఎత్తేశాడు.

“ఎలా లొంగిందే నీకు?” అంటూ డల్సీ చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది.

“నాకేం తెలుసు? మీ మిస్ దీనికి గోడవైపునుంచి ఎక్కడం నేర్పినట్టుంది. రెండు కాళ్లూ బాగున్న మనిషికి అదేం బుద్ధో. నలుగురిలో నన్ను తిట్టి, చాటుగా తను చేసిందన్నమాట.”

ఇంటిదాకా చాలా దూరం. ఆ కాలికి అందేలా ఎడమ రికాబు దించుకుందామని గ్లెనిస్ కిందికి వంగి, తోలుపట్టీ విప్పబోయి, అలాగే ఆగిపోయింది.

రికాబు అప్పటికే ఆమె వంగని కాలికి సరిగ్గా అందేలా కట్టి ఉంది.