ఆఖరి రోజు పాట

ఆ రోజు ఇంట్లో ఉన్నది అమ్మమ్మ దేముడమ్మ, మావ సుక్రు, అత్త బేబి, మూల గంపలో గుడ్ల మీద కూర్చున్న పెట్ట, వీళ్ళందరినీ నోరు మూసుకోమంటున్న గాయత్రి.

గాయత్రి విశాఖ వెళ్ళి యూనివర్సిటీలో పాటలు రికార్డు చేసే చదువు చదువుతోంది. ఎవరూ రికార్డు చెయ్యని పాట ఒకటి, వెనక ఏ చప్పుడూ లేకుండా పట్టుకురమ్మన్నారు మాస్టారు. లేకపోతే ప్రాక్టికల్ పోయినట్టే. తిరిగి విశాఖ చేరాలంటే, అరకు వెళ్ళే ఆఖరి జీపు సాయంత్రమే.

ఆమె ఎంచుకున్నది పెళ్ళిలో ఆఖరి రోజు పాడే పాట. చిన్నప్పుడు అది ఎత్తుకోగానే ఎవరో ఒకరు ఆమెను నీళ్ళకు పంపేవారు. ఒక్కసారీ పూర్తిగా వినలేదు.

గోడలకు దుప్పట్లు కట్టింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రికార్డరు మీద ఎర్ర బొత్తాం నొక్కి చెయ్యి ఊపింది. దేముడమ్మ నోరు తెరిచింది. మనవరాలి ముఖం చూసింది. మూసేసింది.

సరిగ్గా అప్పుడే సుక్రు దగ్గాడు. అందుకే ఆగిపోయిందనుకుంది గాయత్రి. కాఫీ తోటలోకి వెళ్ళి దగ్గమని మావను పంపేసింది.

రెండోసారి బేబి గాజులు గలగలమన్నాయి. చోళ్ళు చెరుగుతున్న చేటతో సహా ఆమె వాకిట్లోకి నడిచింది.

"నా ఇంట్లో నేనే సప్పుడైపోనాను" అని వెళ్తూ గొణిగింది.

మూడోసారి పెట్ట గుర్రుమంది. గంపతో సహా అదీ అరుగెక్కింది.

ఇప్పుడు హెడ్‌ఫోన్లలో అమ్మమ్మ ఊపిరి కూడా వినిపిస్తోంది. గాయత్రి మురిసిపోతూ బొత్తాం నొక్కింది. దేముడమ్మ మళ్ళీ నోరు తెరిచింది, మళ్ళీ మూసేసింది.

"ఇంకేటమ్మమ్మా? ఇప్పుడేటి సప్పుడుంది?"

"సప్పుడు నాకేటడ్డు? డప్పుల మధ్యన పాడినదాన్ని." దేముడమ్మ లేచింది. "ఆ ఎర్రది నొక్కితే సాలా?"

"సాలు."

"సెవులవి తీసి ఇలగియ్యి."

గాయత్రి ఇచ్చింది. దేముడమ్మ ఆమెను భుజం పట్టి గడప దాటించి, సుక్రునీ బేబినీ లోపలికి రమ్మని కేకేసింది.

"ఇది పెళ్ళి కాని గుంటలు ఇనే పాట కాదే. మీ మాస్టారికి పెళ్ళయిందా?"

"అయింది."

"అయితే ఆయన్నే ఇనమను."

సుక్రు దగ్గుకుంటూ, బేబి గాజులు ఎగదోసుకుంటూ ఆమె పక్కనుంచే లోపలికి వెళ్ళారు. బేబి పోతూ పోతూ ఖాళీ బిందె చేతిలో పెట్టింది. చూస్తుండగానే దేముడమ్మ వంగి అరుగు మీది గంప కూడా ఎత్తుకుంది.

"పోనీ ఆ కోడినైనా బయటుంచమ్మమ్మా" అంది గాయత్రి, ఏడుపు గొంతుతో.

"దీన్నెందుకాపడం? రేపో మాపో పిల్లల తల్లి" అని దేముడమ్మ తలుపు వేసేసింది.