ఒకరు వాడింది

“చచ్చినవాళ్ళ ఒంట్లోంచి తీసింది నాకు పెడతారా? నాకొద్దు,” అంది కుట్లమ్మ, దుప్పటి మెడదాకా లాక్కుంటూ.

మంచం పక్కన నిలబడ్డ డాక్టరు ఆవిడ కొడుకు వైపు చూశాడు. కొడుకు నేల వైపు చూశాడు. సెలైన్ సీసా మారుస్తున్న నర్సు ఎవరి వైపూ చూడలేదు. నిన్నటి నుంచీ ఆ వార్డులో ఇదే పంచాయతీ.

కుట్లమ్మ అసలు పేరు ఆసుపత్రి వాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. వీధి చివర ఇరుకు గదిలో కుట్టుమిషను పెట్టుకుని, జనం పాతబట్టలు సరిచేసి ఇవ్వడం ఆవిడ పని. పొడుగైనవి కురచ చేస్తుంది, బిగుతైనవి విప్పి కుడుతుంది. అందరి పాతబట్టలూ కొత్తవిగా చేసిచ్చే ఆ మనిషి, తను మాత్రం ఒకరు తొడిగింది చచ్చినా తొడగదు.

ఈమధ్య ఆవిడ గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోంది. మిషను ముందే రెండుసార్లు స్పృహతప్పి పడిపోయింది. పేస్‌మేకర్ పెట్టకపోతే మూడోసారి లేవడం కష్టమని డాక్టరు తేల్చి చెప్పాడు. కొత్తది కొనడం వాళ్ళ తాహతుకు మించిన పని. కలిగిన దేశాల్లో ఎవరైనా పోతే, ఇంటివాళ్ళ ఒప్పుదలతో వాళ్ళ పేస్‌మేకర్ తీసి, శుభ్రం చేసి, పరీక్షించి, లేనివాళ్ళున్న చోటికి పంపుతారు. అలా వచ్చిందే ఇది.

“తీగలు కొత్తవేనమ్మా. ఈ చిన్న డబ్బా ఒక్కటే వాడింది,” అన్నాడు డాక్టరు.

“పాత కోటుకి కొత్త అస్తరు. నాకా చెప్తారు?”

నర్సు నవ్వు ఆపుకుంది.

“మొండికెయ్యకమ్మా,” అన్నాడు కొడుకు. “పెద్దమ్మ ఇది పెట్టించుకున్నాక ఎంత హుషారుగా తిరిగిందో నువ్వే చెప్పావుగా.”

“మీ పెద్దమ్మకి కొత్తది పెట్టార్రా. అది ఉన్నది డబ్బున్న దేశం. అసలు ఈ జబ్బు కూడా ముందు దానికొచ్చి, తర్వాత నాకొచ్చింది. అదీ సెకండ్ హ్యాండే.”

కుట్లమ్మ నర్సు వైపు తిరిగింది. వినే మనిషి దొరికితే ఆవిడ వదలదు.

“గౌన్లు అక్కవే, చెప్పులు అక్కవే, పుస్తకాలు అక్కవే. పోనీ, చిరిగితేనైనా నాకు కొత్తది కొంటారు కదా. అది చింపితేనా? చెట్టెక్కదు, పరిగెత్తదు, నేలమీద కూర్చోదు. ఏమే అంటే, ‘తర్వాత చిట్టికి కావాలి’ అంటుంది. నా దగ్గరకి వచ్చేసరికి ఒక్క చిరుగుండేది కాదు, ఒక్క మరకుండేది కాదు. అమ్మ నడుం దగ్గర రెండు మడతలు వేసి తొడిగేది. ఎప్పుడు చూసినా గోతాం తొడుక్కున్నట్టుండేదాన్ని.”

“మరి మీ చేతిలో పడ్డాక?”

“వారంలో పేలికలే.” కుట్లమ్మ గర్వంగా చెప్పి, కొడుకు వైపు చెయ్యి చాపింది. “దానికి ఫోన్ కలుపు. ఇలా పాతది అంటగడుతున్నారని చెప్తా. నెలయింది దాని గొంతు విని.”

కొడుకు జేబులోంచి ఫోను తీయలేదు.

“సముద్రం ఒడ్డున ఏదో ఊరెళ్ళారమ్మా. అక్కడ సిగ్నల్ ఉండదట.”

“నెల నుంచీనా?”

“గాలి మార్పు మంచిదన్నారట.”

సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూసినట్టు, కుట్లమ్మ కళ్ళు చిన్నవి చేసి కొడుకు ముఖంలోకి చూసింది. వాడు కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

డాక్టరు ఓపిక గలవాడు. లోపలిది కనిపించే సీలు కవరొకటి ఆవిడ అరచేతిలో పెట్టాడు. లోపల అగ్గిపెట్టె పాటి కూడా లేని నున్నటి లోహపు బిళ్ళ.

“ఎవరిదో ఇది?” అడిగింది కుట్లమ్మ.

“అది చెప్పకూడదమ్మా. ఒక పెద్దావిడది. గుండెతో కాదు, వేరే జబ్బుతో పోయారు. ఏడాదైనా వాడలేదు. ఇంకా ఎనిమిదేళ్ళు నిక్షేపంగా పనిచేస్తుంది. మీరే చూడండి, ఎక్కడా ఒక్క గీత లేదు.”

కుట్లమ్మ కవరును వెలుతురుకేసి పెట్టి ఇటూ అటూ తిప్పి చూసింది. బట్ట అంచు తడిమినట్టు బొటనవేలితో చుట్టూ తడిమింది. కవరు మీద నీటిబొట్టు ఒకటి పడితే దుప్పటి కొసతో తుడిచింది.

“భయపడకండమ్మా, చిన్న ఆపరేషనే,” అంది నర్సు.

“భయం కాదులే.” ఆవిడ కవరు డాక్టరుకి తిరిగి ఇచ్చింది. “పెట్టండి.”

కొడుకు గిరుక్కున తిరిగాడు. “నిజంగానా అమ్మా?”

“ఎనిమిదేళ్ళంటున్నారుగా. మన్నికైన సరుకు ఎవరు కాదంటారు?”

వాడు తల్లి కాళ్ళ దగ్గర కూలబడి, దుప్పటిలో ముఖం దాచుకుని ఏడ్చేశాడు. తల్లి దక్కిందన్న సంతోషం అనుకుంది నర్సు. తనకీ కళ్ళు చెమర్చాయి.

“ఊరుకోరా,” అంది కుట్లమ్మ వాడి తల నిమురుతూ. “ఊరుకో. నేనున్నానుగా.”

మర్నాడు మధ్యాహ్నం నర్సు కట్టు చూడటానికి వచ్చింది. మంచం పక్కన తెర మీద కుట్లమ్మ గుండె, మంచి మిషను కుట్టులా సమంగా నడుస్తోంది.

“కుట్లు లాగుతున్నాయా అమ్మా?”

“మీ డాక్టరు కుట్లు బాగానే వేశాడు. నా దగ్గర పనికి పెట్టుకోవచ్చు. మావాడేడీ?”

“బయట బెంచీ మీద నిద్రపోతున్నాడు. పిలవనా?”

“వద్దు, పడుకోనీ. నెల రోజులుగా నా ముందు ఏడుపు ఆపుకుని ఆపుకుని అలిసిపోయాడు వెర్రినాగన్న. నాకు తెలుసని వాడితో అనకు.”

నర్సుకి ఏమీ అర్థం కాలేదు. కట్టు అంచు సర్దుతూ, “మరీ బిగుతుగా ఉందా?” అని అడిగింది.

కుట్లమ్మ కట్టు మీద అరచెయ్యి ఆనించి, కొత్తగా కుట్టిన బట్టను సాపు చేసినట్టు మెల్లగా నిమిరింది. పెదవులు నవ్వుతున్నాయి గానీ కళ్ళు నిండిపోయాయి.

“అక్కవి నాకెప్పుడూ కాస్త వదులే.”