ఎలుకను బతికించిన మందు

కనకమామిడి ఫామ్‌హౌస్‌లో హాలు నిండిపోయింది. ముందు వరుసలో వీరేశం సారు. చేవెళ్ల కాలేజీలో ఇరవై ఆరేళ్లు జువాలజీ చెప్పిన మనిషి. పక్కన భార్య వసంత, ఒళ్లో దవాఖాన ఫైలు.

తెల్లకోటు వేసుకున్న నిఖిల్ వచ్చి సారుకు నమస్తే పెట్టాడు. సారు చేతులు కదల్లేదు. కోటు తొడుక్కున్న ప్రతివాడికీ దండం పెట్టాలా?

"మోటార్ న్యూరాన్ జబ్బంటే ఏందమ్మా? కండలను ఆడించే నరాలు ఎండిపోవుడు," నిఖిల్ మొదలుపెట్టాడు. "మా ఇంజక్షన్ల గ్రోత్ ఫ్యాక్టర్ ఉన్నది. కొత్త రక్తనాళాలు పుట్టిస్తది. డ్రిప్పు పైపేస్తే టమాట తోట ఎట్ల లేస్తది? నరం గూడ గట్లనే."

డ్రిప్పట! సారుకు కంపరమెత్తింది. పది తప్పినవాడైనా ఇంతకంటే నయంగా చెబుతాడు. ఆ గ్రోత్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ తగ్గించిన ఎలుకల్లో కండలను ఆడించే నరాలు దెబ్బతిన్న మాట నిజమే. జబ్బు ఎలుకలకు ఎక్కిస్తే కొన్నాళ్లు ఎక్కువ బతికిన మాటా నిజమే. మనుషుల్లో పనిచేస్తుందని మాత్రం ఇంతవరకూ ఎవరూ రుజువు చేయలేదు. ఆ ముక్క ఈ వెధవ చెప్పడు.

షాబాద్ నుంచి వచ్చిన బాలమల్లు చప్పట్లు కొట్టాడు. వెనక అందరూ కొట్టారు. గొర్రెల మంద! సారు కొట్టలేదు. ఇచ్చిన చాయ్ ముట్టలేదు. దాని మీద మీగడ కట్టి ఈగ వాలితే తోలనైనా తోలలేదు. ఒక్క ప్రశ్న అయినా వేయలేదు. బురదలో రాయి వేస్తే మన మీదే పడుతుంది.

వసంత లేచింది.

"మరి దవాఖాన గోలీలు?"

"బంద్ పెట్టాలె. రెండూ ఒక్కతాన పడవు. ఊపిరి అందకుంట అయినంక మేమేం చెయ్యలేమమ్మా. ఇయ్యాలనే పేరు రాపియ్యుండ్రి."

సారు లోపల్లోపల మండిపోయాడు. ఉన్న ఒక్క మందూ మాన్పించి మనిషిని నిలువునా చంపుతాడు వీడు. అయినా వీణ్ని అని ఏం లాభం? ఇంత తెలిసీ తెలిసీ వీడి దగ్గర పేరు రాయించుకునేవాళ్లను అనాలి. వాళ్లను తలుచుకుంటేనే సారుకు ఎక్కువ అసహ్యం వేసింది.

వసంత ఆయన చక్రాల కుర్చీ ముందు కూలబడి, "ఏమంటరు? ఒక్కసారి రెప్ప ఆర్పితే ఔను, రెండుసార్లయితే వద్దు," అని అడిగితే, నిరుడే మాటా చేతులూ పడిపోయిన వీరేశం సారు ఆమె ముఖంలోకి చూస్తూ ఒకే ఒక్కసారి రెప్ప ఆర్పాడు.