కేపర్స్ కట్టుడుపళ్ళు

"ఆ పళ్ళు మా ఆయనవి. తీసివ్వు," అంది అల్తియా కేపర్స్, అద్దాల బీరువా మీద వేలితో కొడుతూ.

మ్యూజియం చూసుకునే లిండన్‌కి నవ్వాలో వద్దో తెలియలేదు. చార్లెస్టన్ పట్నంలో పెద్ద చదువు చదివి వచ్చిన కుర్రాడు. మా దీవి మీద అతనికి ప్రేమ ఎక్కువ, పరిచయం తక్కువ. బీరువాలో పై వరుస, కింది వరుస రెండూ నల్ల ముఖమల్ గుడ్డ మీద కూర్చుని ఇకిలిస్తున్నాయి. పక్కనే చీటీ: "గల్లా ప్రజల (ఈ సముద్రదీవుల నల్లజాతివారి) సమాధి ఆచారం. పోయినవారు చివరిసారి వాడిన వస్తువు. కేపర్స్ కుటుంబం."

ఈ మ్యూజియం ఒకప్పుడు ఒంటిగది బడి. ఎక్కాలు రాక అల్తియా ఇక్కడే తన్నులు తింది. అప్పట్లో చెవి పట్టుకుని లోపలికి లాక్కొచ్చేవారు, ఇప్పుడు లోపలికి రావాలంటే టిక్కెట్టు. తన వంటింట్లో ఉల్లిపాయలు పోసుకునే గడ్డిబుట్ట లాంటిదే ఇక్కడ లైటు పెట్టి మరీ చూపిస్తున్నారు. అవన్నీ ఆమె క్షమించేసింది. పేచీ అంతా పళ్ళ దగ్గరే.

"మామ్మగారూ, మీరు మిసెస్ కేపర్సా?"

"నలభై ఏళ్ళుగా అదే ఖర్మ."

లిండన్ ముఖం మెత్తబడింది. "మీ బాధ నాకు అర్థమైందండీ. కానీ బడిపిల్లలు బస్సు దిగగానే దీని దగ్గరికే పరిగెడతారు. చూడండి, గల్లా ఆచారం ప్రకారం పోయినవారి ఆత్మ..."

"మా ఆచారం నాకే పాఠం చెబుతావుటయ్యా? పగిలిన కప్పయినా, ఆగిపోయిన గడియారమైనా, సమాధి మీద పెట్టింది అక్కడే ఉండాలి. ముట్టుకుంటే పోయినవాడు వెంటపడతాడు. ఎంత అవసరం పడినా ఈ దీవిలో ఒక్కళ్ళు ముట్టుకోరు. నేను చచ్చినా ముట్టుకోను. నువ్వు చక్కగా జేబులో వేసుకొచ్చావు."

"ఎవరో ఆడమనిషి ఫోన్ చేసి చెప్పిందండీ. అక్కడ పళ్ళున్నాయి, వానకి కొట్టుకుపోతాయి, తీసుకెళ్ళి భద్రంగా పెట్టుకోండి అని."

"ఎవరో పాపిష్టిది," అంది అల్తియా, కిటికీలోంచి బయటికి చూస్తూ.

లిండన్ మెత్తబడ్డాడే గాని లొంగలేదు. కమిటీ కూర్చోవాలన్నాడు. కమిటీ వచ్చే వసంతంలో గాని కూర్చోదన్నాడు. అల్తియా గోడ పక్కనున్న బడిపిల్లల బెంచీ మీద కూలబడింది. ఆరునెలల విసుగు ఆమె ముఖంలో నిజంగానే ఉంది.

"వసంతం దాకా నా వల్ల కాదు నాయనా. ఆ పళ్ళు వెళ్ళిపోయిన దగ్గర్నుంచి నా కొంపలో శాంతి లేదు. చేప వేగే వాసన తగిలితే చాలు, వచ్చి బల్ల దగ్గర కూర్చుంటాడు."

లిండన్ ఒకడుగు వెనక్కి వేశాడు. "ఎవరండీ?"

"ఇంకెవరు, మా ఆయన. తినలేడు. పీత కనబడితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. ఉడకేసిన వేరుశెనక్కాయలు చూసి మూలుగుతాడు. ఏదో చెప్పబోతాడు, ఒక్క ముక్క అర్థం కాదు. అంతా గాలి."

"తలుపులకి నీలం రంగు వేయించుకోలేదా? దయ్యాలు దాటలేవంటారు కదా. ఆ గోడ మీద మేమే రాసిపెట్టాం."

"ఆ రంగు వేసిందే ఆయన. ఆయన్ని ఆపుతుందా?"

లిండన్ బీరువాకి దూరంగా జరిగాడు. చార్లెస్టన్ చదువు అటకెక్కింది. "ఆయన... నా గురించి ఏమైనా అంటున్నారా?"

"అనకేం. ఇక్కడున్నాయని తెలిసిన దగ్గర్నుంచి, నేనే వెళ్ళి ఆ కుర్రాడి సంగతి తేలుస్తానని సైగలతో ఒకటే గొడవ. ఇవాళ కూడా బయల్దేరాడు. నేను మాట్లాడతానులే అని ఆపాను."

ఇక కమిటీ ఎవడికి కావాలి. తాళాలగుత్తి చేతిలోంచి జారి కింద పడితే లిండన్ దాన్ని మోకాళ్ళ మీద పాక్కుంటూ వెతుక్కున్నాడు. బీరువా తెరిచి, ముఖమల్ గుడ్డతో సహా పళ్ళు బయటికి తీశాడు.

"తీసుకోండి."

"నేను ముట్టుకోనన్నానా. సమాధి మీంచి తీసింది నువ్వు. ఈ రుమాల్లో పెట్టేదీ నువ్వే. పాపం ఏదన్నా ఉంటే నీ చేతికే ఉండిపోవాలి, నా ఇంటికి రాకూడదు."

పెట్టాడు. అల్తియా రుమాలు మూటకట్టింది.

"మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేస్తారు కదండీ?"

"ఇవాళే. భోజనాల వేళకి ఎక్కడుండాల్సినవి అక్కడుంటాయి."

"ఆయనకి నా తరఫున క్షమాపణ చెప్పండి."

"చెబుతాను. ఎప్పుడు నా మాట విన్నాడు కనక," అని అల్తియా లేచింది.

లిండన్ ఆమెని గుమ్మం దాకా సాగనంపి, గట్టిగా తలుపేసుకున్నాడు. ఆమె మెట్లు దిగి, ఓక్ చెట్టు కింద ఆపి ఉన్న పాత పికప్ బండి ఎక్కి, రుమాలు విప్పింది.

డ్రైవరు సీట్లో ఉన్న మిస్టర్ కేపర్స్ పళ్ళందుకుని, చొక్కాకి తుడిచి, నోట్లో బిగించుకుని, ఆరునెలల్లో మొదటిసారి ప్రతి ముక్కా అర్థమయ్యేలా అన్నాడు: "మా అన్న పోయిన రోజే మొత్తుకున్నాను కదే, వాడి సమాధి మీద పెట్టడానికి నువ్వు గ్లాసులోంచి తీసినవి వాడి పళ్ళు కాదు, నావని."